ఉద్దేశం లేని పోపు

“కిటికీ తెరిస్తే నా ఉద్యోగం పోతుంది.”

“తెరవకపోతే నా ప్రాణం పోతుంది.”

“అమ్మాయ్, రెండింట్లో ఏది ముందు పోతుందో మీరిద్దరూ తేల్చుకునేలోపల ఆ చారు కాస్త ఇటు పంపించు,” అన్నారు మా మామగారు కంచం ముందు నుంచి.

ఎండుమిరపకాయలు నూనెలో పడినప్పుడు మొదలైన వాదన అది. చారు మరిగింది, దిగింది, చల్లారింది కూడా. వాదన మాత్రం ఇంకా పొయ్యి మీదే ఉంది. మా వారు ఫణీంద్ర వంటింటి కిటికీకి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డారు. ఆయన వెనక కిటికీ గొళ్లెం మీద ఎర్రటి లక్క ముద్ర. నేను ఒక చేత్తో చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మరో చేత్తో గరిటె పట్టుకుని దగ్గుతున్నాను.

“ముద్ర పగిలితే ప్రభుత్వ ఆస్తికి నష్టం కింద రాస్తారు సువర్చలా.”

“నా ఊపిరితిత్తులు ఎవరి ఆస్తి కిందికి వస్తాయండీ?”

“అది ఉత్తర్వులో లేదు.”

అటక మీద, అట్టపెట్టెలో, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి అడగ్గా అడగ్గా కిందటి దసరాకు కొన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చి, గోడకు కన్నం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో గుండ్రంగా గీసి, మర్నాడు వస్తానని వెళ్లాడు. ఆ సాయంత్రమే మా వంటిల్లు ప్రభుత్వానిదైపోయింది. పెన్సిలు సున్నా మాత్రం గోడ మీద మిగిలింది. పోపు వేసినప్పుడల్లా దాని వంక చూసి దగ్గడం నాకు అలవాటైంది.

మా వారు నాణేల భాండాగారంలో సహాయ అధికారి. పూర్వపు రాజుల వెండి, రాగి నాణేలు అక్కడ అద్దాల పెట్టెల్లో ఉంటాయి. ఆ సంస్థకు ఇన్నేళ్లుగా తెలిసిన శాస్త్రం ఒక్కటే, తోమడం. పెద్దవాళ్లెవరైనా చూడ్డానికి వస్తున్నారంటే చాలు, బంట్రోతులంతా చింతపండూ విభూదీ పట్టుకుని వరండాలో బాసింపట్లు వేసుకుని కూర్చునేవారు. తోమగా తోమగా రాజుల ముక్కులు పోయాయి. తర్వాత కిరీటాలు పోయాయి. ఎవరు ఏ వంశమో చెప్పే దారిలేక చివరికి ఒక అర మొత్తానికి ‘రాజులు’ అని ఒకే చీటీ అతికించారు. సంస్థ ప్రశాంతంగా ఉండేది.

అలాంటి సమయంలో సంచాలకులు వైకుంఠరావుగారు విదేశంలో ఏదో సదస్సుకు వెళ్లొచ్చారు. వచ్చిన మర్నాడే సిబ్బందిని సమావేశపరిచి, గద్గద స్వరంతో మాట్లాడారట.

“మిత్రులారా! తోమని వెండిని మీరెప్పుడైనా చూశారా? అక్కడ నాణేన్ని కాగితంలో చుట్టి, చెక్క సొరుగులో పెట్టి, దాని మానాన దాన్ని వదిలేస్తారు. కాలం దాన్ని తాకుతుంది. ముందు పసిమి వస్తుంది, పిమ్మట కెంపు, ఆ పిమ్మట నీలం. ఆ నీలం కోసం జనం బారులు తీరారు. మరి మనమో! మనం కాలాన్ని చింతపండుతో తోమేశాం!”

ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారట. మర్నాటి నుంచి తోమడం నిషేధం. గోదాములో మిగిలిపోయిన చింతపండును ఏం చెయ్యాలో తెలియక ఆఫీసు క్యాంటీనుకు ఇచ్చేశారు. అది అయ్యేదాకా అక్కడ పులిహోర తప్ప మరోటి దొరకలేదు.

నాణేలన్నిటికీ సహజంగా రంగు తిరగాలని ఉత్తర్వు వెలువడింది. “అక్కడ రంగు తిరగడానికి ఎన్నేళ్లు పట్టింది సార్?” అని మా వారే అడిగారట. “నలభై, యాభై ఏళ్లు.” “మరి మనకు?” “మార్చి ముప్పై ఒకటి లోపల.”

ముందు నాణేలను పాత ఫైళ్ల కాగితాల్లో చుట్టి బీరువాలో పెట్టారు. నెలలు గడిచినా చిన్న మార్పు లేదు. ప్రభుత్వ ఫైళ్లలోకి వెళ్లినది ఏదైనా అంతేనని మా మామగారు అన్నారు. ఆయన పింఛను కాగితాల విషయంలో అనుభవం ఉన్న మనిషి.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం మధ్యాహ్నం, గుత్తివంకాయ కూర ఎక్కువై మా వారికి కడుపుబ్బరం చేసింది. నేను నిద్రలో ఉన్నాను. మజ్జిగలో కలుపుకోవడానికి ఇంగువ కోసం ఆయనే స్వయంగా పోపుల డబ్బా తెరిచారు. మా కాపురంలో ఆయన ఆ డబ్బా తెరవడం అదే మొదలు. మరుక్షణం వంటింట్లోంచి పెద్ద కేక. తేలు కుట్టిందేమోనని నేనూ మా అమ్మాయి హిమజా పరుగెత్తాం.

ఆయన అరచేతిలో నా వెండి రూపాయి ఉంది.

నన్ను కాపురానికి పంపేటప్పుడు, పోపుల డబ్బా ఖాళీగా ఇవ్వకూడదని మా అమ్మ ఒక్కో గిన్నెలో ఒక్కో దినుసు పోసి, ఇంగువ గిన్నె అడుగున తన వెండి రూపాయి పెట్టింది. దాని మీద ముద్ద ఇంగువ. నేను ఏనాడూ దాన్ని తీయలేదు, తోమలేదు. భక్తి వల్ల కాదు, తీరిక లేక. ఇప్పుడు చూస్తే దాని అంచున నెమలి మెడ నీలం, కాస్త లోపలికి నేరేడు పండు రంగు, నడిమధ్యన తేనె.

“ఇంగువలో గంధకం ఉంటుంది నాన్నా,” అంది హిమజ. అది డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతోంది. “వెండికి గంధకం తగిలితే అలా రంగులు తిరుగుతాయి. కోడిగుడ్డు, వెల్లుల్లి, ముల్లంగి, వీటన్నిట్లోనూ ఉంటుంది. మరీ ఎక్కువైతే నల్లబడిపోతుంది.”

ఆయనకు చివరి ముక్క వినబడలేదు. కడుపుబ్బరం సంగతి కూడా మరిచిపోయి, రూపాయిని జేబురుమాలులో చుట్టుకుని సంచాలకుల ఇంటికి వెళ్లిపోయారు.

వైకుంఠరావుగారు భూతద్దంలోంచి చాలాసేపు చూసి, “ఎవరు చేశారిది?” అని అడిగారట. “మా ఆవిడ వంట చేసింది సార్,” అన్నారట మా వారు. మా వారు నా వంట గురించి బయట నాలుగు మాటలు మాట్లాడడం నాకు తెలిసి అదే ప్రథమం.

ఎలక్ట్రీషియన్ సున్నా గీసి వెళ్లిన సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. మా వారు హాల్లో నిలబడి చదివారు.

“ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా, సహాయ అధికారి శ్రీ ఫణీంద్ర గారి గృహమందలి పాకశాల, అందలి పొగ, ఆవిరి, వాసన, జిడ్డు సహితముగా, సహజ వర్ణ పరిణామ క్షేత్రముగా ప్రకటించడమైనది. సదరు క్షేత్రమందు గాలి ప్రవేశించుట గాని నిష్క్రమించుట గాని నిషేధించడమైనది.”

“గాలి లేకపోతే లోపల మనుషులెలా ఉంటారు?” అన్నాను.

“మనుషుల ప్రస్తావన రెండో ఉత్తర్వులో వస్తుందట.”

జీపులో నాణేలు వచ్చాయి. చెక్క పళ్లాల్లో పేర్చి, పప్పుల డబ్బాలుండే అరలో పెట్టారు. పప్పుల డబ్బాలు మా పడగ్గదిలోకి వెళ్లాయి. కిటికీకి లక్క ముద్ర వేశారు. రంగు రావడానికి కావలసినవన్నీ అమరాయి, ఒక్క చిక్కు తప్ప. ఆ చిక్కు కరదీపికలో ఉంది. విదేశీ నియమాలను తెలుగులోకి దించి సంస్థవారు అచ్చువేసిన చిన్న పుస్తకం అది. అందులో ఇలా ఉంది: ‘ఉద్దేశపూర్వకముగా తెప్పించిన వర్ణము కృత్రిమము, అది మోసముతో సమానము. ఉద్దేశరహితముగా వచ్చిన వర్ణమే సహజము.’

కాబట్టి నేను రోజూ వండాలి. కానీ నాణేల కోసం వండకూడదు. ఈ సంగతి కనిపెట్టడానికి ఏకాంబరం అనే ఆయనను ఉద్దేశ పరిశీలకుడిగా నియమించారు. సన్నగా, పొడుగ్గా, ఏ కాలంలోనైనా గొడుగుతో తిరిగే మనిషి. పొద్దున్నే వచ్చి వంటింట్లో పీట వేసుకుని కూర్చునేవాడు.

“ఇప్పుడు వేసిందేంటండీ చెల్లెమ్మా?”

“ఇంగువ.”

“ఏ ఉద్దేశంతో?”

“పప్పుచారు ఉద్దేశంతో.”

ఆయన పన్ను నొప్పి వచ్చినట్టు మొహం పెట్టాడు. “ఉద్దేశం అనకండి తల్లీ. ఆ మాట వింటే నేను రాయాల్సొస్తుంది. మళ్లీ అడుగుతాను. ఎందుకు వేశారు?”

“ఏమోనండీ. చెయ్యి వేసింది.”

“అద్భుతం!” అని రాసుకున్నాడు. “చెయ్యి వేసింది. మనిషి వెయ్యలేదు.”

కొన్నాళ్లకు రంగు అనుకున్నంత జోరుగా రావడం లేదని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఏకాంబరంగారు ఇరుకున పడ్డాడు. ఒకరోజు ఆయన సంచీ బరువుగా ఉంది.

“నేనేమీ చెప్పకూడదు చెల్లెమ్మా. చెబితే కృత్రిమం అయిపోతుంది. వస్తూ వస్తూ ఉంటే దారిలో కోడిగుడ్లు కనబడ్డాయి. ఎలా పడ్డాయో సంచీలో పడ్డాయి. ఇదిగో, ఈ గట్టు మీద మరిచిపోయి వెళ్తున్నాను.”

మర్నాడు ముల్లంగి మరిచిపోయాడు. ఆ మర్నాడు వెల్లుల్లి. ఆయన మతిమరుపుతో మా ఇల్లు నిండిపోయింది. పక్కింటివాళ్లు ముక్కు మూసుకుని మా గుమ్మం దాటడం మొదలుపెట్టారు.

అవి వండడానికి ఇంట్లో ఎవరికైనా తినాలని సహజంగా అనిపించాలి కదా. అందుకని ఇంటిల్లిపాదినీ హాల్లో నిలబెట్టి పొద్దున్నే అభిలాష సేకరణ జరిపేవాడు.

“ఆలోచించకుండా చెప్పండి పెద్దాయనా. ఇవాళ మీకు ఏం తినాలనుంది?”

“బొబ్బట్లు,” అన్నారు మా మామగారు.

“ఇంకోసారి. ఆలోచించకుండా.”

“బొబ్బట్లే.”

“అయ్యా, మీ కోరికలో గంధకం లేదండి.”

“నా కోరికలో పూర్ణం ఉంది నాయనా.”

‘వృద్ధుల అభిలాష అసహజము’ అని రాసుకుని, ఆయన పేరు ఎదురుగా ముల్లంగి పులుసు అని వేశాడు. ఆ పూట మా మామగారు నాతో మాట్లాడలేదు. నేనేదో కుట్ర చేశానని ఆయన అనుమానం.

నాకు దగ్గు ముదిరింది. పోపుకు ముందు దగ్గు, పోపుకు తర్వాత దగ్గు, పోపు లేని వేళల్లో పోపు తలుచుకుని దగ్గు. ఒకనాడు తట్టుకోలేక గొళ్లెం మీద చెయ్యి వేస్తే, అది ఏకాంబరంగారి కంటపడి మా వారికి తాఖీదు వచ్చింది. మీరు మొదట విన్న వాదన ఆ తాఖీదు వచ్చిన రాత్రిది.

ఆ వారంలోనే వైకుంఠరావుగారు, ఈ పని కోసం సంస్థ వేసిన పరిశీలక సంఘం సభ్యులతో క్షేత్ర సందర్శనానికి విచ్చేశారు. చెప్పులు విప్పి, వంటింట్లోకి గుడిలోకి వచ్చినట్టు వచ్చారు. అప్పటికి నాణేలకు లేత పసిమి వచ్చింది. ఆయన వంగి చూస్తుండగా నాకు దగ్గు తెర వచ్చింది. చాలాసేపు వచ్చింది.

“ఏమిటా శబ్దం?”

“మా ఆవిడ దగ్గు సార్.”

“ఎన్నాళ్లుగా?”

“కిటికీ మూసినప్పటి నుంచి సార్.”

ఆయన సాలోచనగా తల పంకించారు. “అయితే అది కూడా ఈ క్షేత్రంలో అంతర్భాగమే. అమ్మా, మీ దగ్గును యథాతథంగా పరిరక్షించండి. మందులూ మాకులూ వాడి దాన్ని కృత్రిమం చెయ్యకండి.”

గుమ్మంలో ఉన్న హిమజ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని పెరట్లోకి పారిపోయింది. మా వారు నేల చూపులు చూశారు. నేను గరిటె గట్టు మీద పెట్టాను.

“నాదొక్క సందేహమండీ,” అన్నాను. “ఇదివరకు నాకేమీ తెలియదు. ఊరికే వండేదాన్ని. ఎందుకు వండావని ఎవరూ అడగలేదు. బాగుందని కూడా ఎవరూ అనలేదు. ఇప్పుడు మీరందరూ వచ్చి చెప్పారు కదా. ఇంగువ గిన్నె మీద చెయ్యి పెడితే చాలు, నాణేలే గుర్తొస్తున్నాయి. మరి నా పోపు సహజమేనంటారా?”

కుక్కరొక్కటే కూత వేసింది.

సంఘం వారు ముందుగదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని, నేను పంపిన జంతికలు తింటూ చర్చించారు. తిరిగి వచ్చి తీర్మానం చెప్పారు. నాకు ఉద్దేశ దోషం పట్టిందట. ఇక నేను ఆ పొయ్యి ముట్టుకుంటే వచ్చే రంగంతా కృత్రిమమట. మడి కట్టుకున్న నాణేల మధ్య ఇన్నాళ్లకు నాకు మైల వచ్చింది.

“అలాగైతే మూల నమూనా సంగతేంటి సార్?” అన్నాడు ఏకాంబరం. మూల నమూనా అంటే ఆ ఆదివారం నుంచి వాళ్ల దగ్గరే ఉండిపోయిన నా వెండి రూపాయి. ఆయన నావైపు తిరిగాడు. “అది డబ్బాలో ఎవరు పెట్టారు చెల్లెమ్మా?”

“మా అమ్మ.”

“ఊరికేనా?”

“ఊరికే ఎందుకు పెడుతుందండీ? నా కాపురం చల్లగా ఉండాలని పెట్టింది.”

ఆయన కలం ఆగింది. “అంటే… ఉద్దేశం ఉంది.”

వైకుంఠరావుగారు కళ్లు మూసుకున్నారు. మర్నాడు నా రూపాయి కవరులో వెనక్కి వచ్చింది. కవరు మీద ‘కృత్రిమము. తిరస్కరించడమైనది’ అని ఉంది. నెమలి మెడ నీలం ఏమాత్రం తగ్గలేదు. మళ్లీ ఇంగువ గిన్నె అడుగున పెట్టి మూత వేశాను.

ఇక వండేదెవరు? సంఘం వెళ్లేముందే అక్కడికక్కడ రాసిన ఉత్తర్వు స్పష్టంగా ఉంది: ‘వంటను గూర్చి ఎట్టి అవగాహనయు లేనివారును, తత్కారణమున ఎట్టి ఉద్దేశమును కలిగియుండజాలనివారును మాత్రమే వండవలెను.’ అందరి చూపులూ మా వారి మీద పడ్డాయి.

“ఇతనికి ఇంగువ ఎక్కడుంటుందో తెలుసు సార్,” అని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు.

“అది కడుపుబ్బరంలో జరిగింది. క్షమించవచ్చు,” అన్నారు సంచాలకులు.

మర్నాడు పొద్దున్న నేను చాన్నాళ్ల తర్వాత వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సన్నజాజి మీంచి గాలి వస్తోంది. లోపల నూనె పొగలు కక్కుతున్న చప్పుడు.

“సువర్చలా! మిరపకాయ ఏ రంగులో ఉన్నప్పుడు తియ్యాలి?”

“నేను చెప్పకూడదండీ. చెబితే మీకు ఉద్దేశం అంటుకుంటుంది.”

“పోనీ మంట పెద్దదా చిన్నదా, అదన్నా చెప్పు!”

“మీ చెయ్యి ఏం చేస్తే అది.”

ఆయన చెయ్యి ఏం చేసిందో మొదట ఏకాంబరంగారికి తెలిసింది. గొడుగు లోపలే వదిలేసి, పీటతో సహా వరండాలోకి వచ్చిపడ్డాడు. కళ్లు తుడుచుకుంటూ రాసుకున్నాడు. ఏం రాశారని అడిగితే చూపించాడు: ‘ఉద్దేశము ఏమాత్రము కనబడలేదు. అసలేమియు కనబడలేదు.’

మా వారు అలా వండుతూ పోయారు. మాడిన పోపు, మాడిన ముల్లంగి, కోడిగుడ్డు కూర అడుగంటి చేసిన పొగ. నాణేలు పసిమి, కెంపు, నీలం అన్నిటినీ ఒక్క వారంలో దాటేసి మూకుడు అడుగులా నల్లబడ్డాయి. మా అమ్మాయి మొదటిరోజు చెప్పిన చివరి ముక్క అదే. ఉద్యోగం పోయినట్టేననుకుంటూ మా వారు ఆ పళ్లాలను భాండాగారానికి పట్టుకెళ్లారు.

వైకుంఠరావుగారు చూశారు. చూసి చూసి, “పరిపూర్ణం!” అన్నారట. “సమస్త వర్ణాలూ లీనమయ్యే వర్ణం! విదేశాల్లో కూడా ఇంతదాకా రాలేకపోయారు.”

మార్చి ముప్పై ఒకటిన ప్రదర్శన ప్రారంభమైంది. మేమంతా వెళ్లాం. పట్టు గుడ్డ మీద, దీపాల కింద, నల్లటి బిళ్లలు వరసగా ఉన్నాయి. వచ్చినవాళ్లు భక్తిగా వంగి చూస్తున్నారు. వాటి కింద చీటీ ఉంది, ‘రాజులు (సహజం)’. మా మామగారు ఒక బిళ్లను చాలాసేపు చూసి, “మనవాడి దోసె లాగే ఉందమ్మాయ్,” అన్నారు.

ప్రదర్శన విజయవంతమైనందుకు మరో రెండు జీపుల నాణేలు మా ఇంటికి వచ్చాయి. ఈసారి రాగివి కూడా. తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు పాకశాల బాధ్యత శ్రీ ఫణీంద్ర గారిదేనని ప్రశంసాపత్రంలోనే రాశారు.

ఆ సాయంత్రం నేను మంచినీళ్ల కోసం వంటింటి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. పొగలో మా వారు నిలబడి ఉన్నారు. భుజం మీది తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గరిటె గాల్లో పట్టుకుని, గోడ మీద పెన్సిలు సున్నా వంక చూస్తూ దగ్గుతున్నారు. చెంబు అక్కడే పెట్టి వచ్చేశాను.

భోజనాలకు నలుగురం కూర్చున్నాం. ఆయనే వడ్డించారు. మా మామగారు కూరను కంచంలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు జరిపి చివరికి మజ్జిగ పోసుకున్నారు. హిమజ పచ్చడితో తిని ఊరుకుంది. మా వారు చెయ్యి కడుక్కుని వచ్చి, ఎర్రబడ్డ కళ్లు తువ్వాలుతో ఒత్తుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెల్లగా అన్నారు.

“రేపు పొద్దున్న ఎలక్ట్రీషియన్ వస్తాడు. ఆ సున్నా దగ్గర గోడకు కన్నం పెట్టి, ఫ్యాను బిగించి వెళ్తాడు.”

“మరి ఉత్తర్వు నాన్నా?” అంది హిమజ.

“అతన్ని ఎవరమూ పిలవలేదమ్మా,” అన్నారాయన. “దారిన పోతూ పోతూ లోపలికి వస్తాడు. చెయ్యి బిగించేస్తుంది.”